టెర్బుష్ వేసిన కార్ల్ టియోడోర్ పటం (1763): మొహం, కవచం, ఎర్ర మఖ్మల్

కాన్వాస్_కాకినాడ
అందరికీ నమస్కారం. జర్మన్ చిత్రకారిణి ఆన్నా డొరొథెయా టెర్బుష్ 1763లో వేసిన, జర్మన్ పాలకుడు ఎలెక్టర్ కార్ల్ టియోడోర్ పటం ఆధారంగా ఆయిల్ స్టడీ ఒకటి వేస్తున్నాను. కాన్వాస్ 60 × 75 సెంటీమీటర్లు. మొహం ఆమె పటంలోది. కవచం, ఎర్ర మఖ్మల్ వస్త్రం, తెల్ల బొచ్చు అంచు, బిరుదు పట్టీ మాత్రం ఆ కాలపు పాలకుల పటాల్లో మామూలుగా ఉండే పద్ధతిలో పెడుతున్నాను. మూడు చోట్ల పని ఆగింది.

మొహం తెల్లగా, రక్తం లేనట్టు తేలుతోంది. కవచం స్టీలు గిన్నెలా మెరుస్తోందే తప్ప బరువు రావడం లేదు. మఖ్మల్‌కి ఎంత ఎర్ర రంగు పట్టించినా మామూలు గుడ్డలాగే ఉంది. వాడినవి టైటానియం వైట్, ఎల్లో ఓకర్, కాడ్మియం రెడ్, ఐవరీ బ్లాక్, అలిజరిన్. ఎక్కడ సరిచేయాలో చెప్పండి.

పాతపటాలు
రంగుల సంగతి మిగతావాళ్ళు చూస్తారు. ముందు ఆమె అక్కడికి ఎలా చేరిందో చెప్తాను, సరంజామా ఎంచుకోవడానికి అది పనికొస్తుంది.

టెర్బుష్ 1721లో బెర్లిన్‌లో పుట్టింది. పుట్టింటి పేరు లిసియెవ్‌స్కా. తండ్రి గేయోర్గ్ లిసియెవ్‌స్కీ పోలండ్ మూలాలున్న రూపచిత్రకారుడు, పని నేర్పింది ఆయనే. అక్క ఆన్నా రోసీనా, తమ్ముడు క్రిస్టోఫ్ ఫ్రీడ్రిష్ రైన్‌హోల్డ్ కూడా ఇదే వృత్తిలో పేరు తెచ్చుకున్నారు. ఈమెకు 1742లో బెర్లిన్‌లో ఒక సత్రం యజమానితో పెళ్ళయింది. పిల్లలు, సంసారం మధ్య పెద్ద పనులు చాలా ఏళ్ళు ఆగాయి. దాదాపు నలభై ఏళ్ళ వయసులో, 1761లో, స్టుట్‌గార్ట్ వెళ్ళి వుర్టెంబెర్గ్ డ్యూక్ కార్ల్ ఓయ్‌గెన్ దర్బారులో పని మొదలుపెట్టింది. అక్కణ్ణుంచి మన్‌హైమ్ వచ్చి పాలటినేట్ ఎలెక్టర్ కార్ల్ టియోడోర్ పటం వేసింది, ఆ తర్వాత అక్కడే ఆస్థాన చిత్రకారిణి అయింది. 1765లో పారిస్, 1767లో అక్కడి రాయల్ అకాడమీ సభ్యత్వం, తర్వాత మళ్ళీ బెర్లిన్. 1782లో అక్కడే చనిపోయింది.

ఇక పటంలోని మనిషి. కార్ల్ టియోడోర్ 1724లో పుట్టి, 1742 చివరి రోజున ఎలెక్టర్ అయ్యాడు, అంటే పవిత్ర రోమన్ చక్రవర్తిని ఎన్నుకునే హక్కున్న కొద్దిమంది రాజుల్లో ఒకడు. ఈ పటం నాటికి వయసు దాదాపు ముప్పై తొమ్మిది, బవేరియా ఇంకా ఈయన చేతికి రాలేదు. అది వచ్చింది 1777 డిసెంబర్ చివర్లో. కాబట్టి మీ స్టడీలో బవేరియా బిరుదులేవీ పెట్టకండి.

పతకాల్లోనూ ఇదే జాగ్రత్త. సెయింట్ హుబెర్ట్ అనే గౌరవ బిరుదు పతకం పెట్టొచ్చు, ఆ బిరుదు సంఘానికి అధిపతి ఆయనే. పట్టీ ఎరుపు, రెండు అంచుల్లో సన్నని ఆకుపచ్చ. కానీ పాలటినేట్ సింహం బిరుదును ఆయన 1768లో స్థాపించాడు. 1763 పటంలో అది కనిపిస్తే ఆ పటమైనా తర్వాతిదై ఉండాలి, పతకమైనా తర్వాత ఎవరో చేర్చినదై ఉండాలి. వేలం జాబితాల్లో "సుమారు 1760" అని రాసిన ఆయన పటాలు చూసేటప్పుడు నేను ముందు వెతికేది ఛాతీ మీది నక్షత్రాన్నే.

జేగురు
మీ మూడు సమస్యల్లో రెండు తెలుపు దగ్గరే పుట్టాయి.

ఆమె వాడింది సీసపు తెలుపు. అది కాస్త వెచ్చగా, సగం పారదర్శకంగా ఉంటుంది, పక్క రంగును మింగేయదు. టైటానియం చల్లని తెలుపు, కప్పే శక్తి చాలా ఎక్కువ. అదే కొలతలో కలిపితే చర్మం సుద్దబారుతుంది. సీసపు తెలుపు విషం, ఇంట్లో దాని జోలికి వెళ్ళకండి. టైటానియంలో పరిమాణంలో మూడో వంతు మెత్తటి సుద్దపొడి, రెండు చుక్కల అవిసె నూనె వేసి గాజు పలక మీద కత్తితో బాగా నూరండి. సుద్ద నూనెలో దాదాపు పారదర్శకం అవుతుంది కాబట్టి తెలుపు పొగరు తగ్గుతుంది. జింక్ వైట్ కలిపితే మెత్తబడుతుందని కొందరంటారు. వద్దు, జింక్ పొర ఏళ్ళు గడిచేకొద్దీ పెళుసెక్కి పగులుతుంది.

కొలతలు ఇలా మొదలుపెట్టి కంటితో సర్దుకోండి. వెలుగు పడే నుదురు, ముక్కు దూలానికి ఈ తెలుపు 6 పాళ్ళు, నేపుల్స్ ఎల్లో 2, కాడ్మియం రెడ్ లైట్ అర పాలు. బుగ్గకి అదే మిశ్రమంలో ఎరుపు రెట్టింపు, తెలుపు రెండు పాళ్ళు తక్కువ. వెలుగు నీడలోకి తిరిగే చోట, అంటే కణత, దవడ, పెదవి కింద, వెలుగు మిశ్రమంలో కొంచెం రా అంబర్, అగ్గిపుల్ల తలంత ప్రష్యన్ బ్లూ. అంతకు మించితే మొహం కమిలిపోతుంది, ఆ నీలం అంత ఘాటు. నీడలో తెలుపు అసలు వద్దు. బర్న్ట్ అంబర్, ఓకర్, కాస్త ఎరుపుతో పల్చగా వేసి కింది పొర కనిపించనివ్వండి.

మీ జాబితాలో ఆ నీలం లేదు, మొహం పాలిపోవడానికి అదో కారణం. చల్లని మధ్య రంగు పక్కన లేకపోతే బుగ్గలో ఎరుపు కంటికి ఆనదు. మీరు ఎరుపు పెంచుతూ పోతారు, అది గులాబీ రంగుకి తిరుగుతుంది తప్ప ప్రాణం రాదు.

వార్నిష్_వాసన
జేగురు గారు చెప్పింది సరే, ఇంకో కోణం కూడా ఉంది. మీరు ఫోటో చూసి వేస్తున్నారు. ఆ ఫోటోలో ఉన్నది 1763 నాటి మొహం కాదు, రెండున్నర శతాబ్దాల తర్వాత మిగిలిన మొహం.

ఆ కాలపు చర్మం రంగుల్లో ఇంగిలీకంతో (వెర్మిలియన్) పాటు పురుగు నుంచి తీసిన ఎర్ర అద్దకం రంగులు, అంటే లేక్ రంగులు కూడా ఉండేవి. ఇంగిలీకం చాలావరకు నిలుస్తుంది. లేక్‌లు వెలుతురుకి వెలిసిపోతాయి, ముఖ్యంగా తెలుపులో పల్చగా కలిపినవి, పైన గ్లేజ్‌గా, అంటే పారదర్శకమైన పల్చటి పూతగా పూసినవి. బుగ్గలు, పెదవులు, కనుకొలకుల్లో ఆ పొర పోయాక కింద ఉన్న చల్లని రంగు బయటపడి మొహం బూడిదగా కనిపిస్తుంది. ఆ నష్టాన్ని ఆమె శైలి అనుకుని కాపీ చేసేవాళ్ళు ఎక్కువ. దీనికి తోడు పాత మాస్టిక్ (చెట్టు బంక) వార్నిష్ పసుపెక్కి ఉంటే నీలం ఆకుపచ్చగా, తెలుపు తేనె రంగుగా మారతాయి. ఫోటోలో మొహానికి ఉన్న వెచ్చదనంలో కొంత ఆ వార్నిష్‌దే.

సరిచూసుకోవడానికి ఫ్రేము అంచును చూడండి. ఫ్రేము గాడి కింద వెలుతురు పడని ఒక సెంటీమీటరు పట్టీలో అసలు రంగు మిగిలి ఉంటుంది. మొహానికి అది ఉండదనుకోండి. కానీ ఎర్ర వస్త్రం అంచు దాకా వచ్చిన పటాల్లో తేడా కొట్టొచ్చినట్టు కనిపిస్తుంది.

మీ అలిజరిన్‌కీ ఇదే గతి. ట్యూబు మీద రంగు పదార్థం కోడ్ పిఆర్ 83 అని ఉంటే పక్కన పెట్టేయండి. పిఆర్ 177 గానీ క్వినాక్రిడోన్ ఎరుపు గానీ తీసుకోండి.

రంగులరాట్నం
ఒక సందేహం. ఆడవాళ్ళు వేసిన దర్బారు పటాల్లో మొహాలు సుకుమారంగా, మెత్తగా ఉంటాయని చదివాను. ఈ పటంలో మెత్తదనం కూడా అందుకేనా?

పాతపటాలు
> ఆడవాళ్ళు వేసిన దర్బారు పటాల్లో మొహాలు సుకుమారంగా

కాదండి. అది రొకోకో అనే అప్పటి సుకుమార శైలి, దర్బారు అభిరుచి, అప్పటి మగ చిత్రకారుల పటాలూ అంతే మెత్తగా ఉంటాయి. అదే కార్ల్ టియోడోర్‌ని 1757లో త్సీసెనిస్ అనే చిత్రకారుడు ఫ్లూట్ వాయిస్తున్నట్టు వేశాడు, అక్కడ పట్టు, లేసు, మొహం అన్నీ ఎంత మృదువో చూడండి. 1775లో రోమ్‌లో బటోని వేసిన పటంలో ఇటాలియన్ నునుపు వేరు, కానీ కరకుదనం అందులోనూ లేదు.

టెర్బుష్ తన స్వీయచిత్రంలో, అంటే బెర్లిన్ గెమేల్డెగాలెరీ మ్యూజియంలో ఉన్న 1770ల చివరి పటంలో, తలపట్టీ నుంచి కంటి ముందుకి వేలాడే ఒంటి కళ్ళద్దాన్ని దాచకుండా పెట్టుకుంది. వయసు మళ్ళిన చర్మం, మెడ ముడతలు యథాతథం. సుకుమారం కావాలనుకున్న చేయి అది కాదు. పారిస్‌లో రచయిత, విమర్శకుడు దిద్రో 1767 సలోన్ (అకాడమీ చిత్ర ప్రదర్శన) గురించి రాస్తూ, ఆ ఊళ్ళో సంచలనం కావడానికి ఈమెకు తక్కువైంది ప్రతిభ కాదు, యవ్వనం, అందం, అణకువ, వయ్యారం అన్నాడు. అంటే లోపం ఆమె పనిలో లేదని ఆయనకీ తెలుసు.

స్త్రీ కావడం వల్ల పనిలో నిజంగా పడిన తేడా ఒకటుంది. అకాడమీల్లో నగ్న పురుషుణ్ణి చూసి గీసే తరగతుల్లోకి ఆడవాళ్ళని రానిచ్చేవాళ్ళు కాదు. రూపచిత్రంలో ఆ లోటు పెద్దగా బయటపడదు. మొహం, చేతులు నేరుగా చూసి వేయొచ్చు, ఒంటిని కవచమో కోటో కప్పేస్తుంది. ఆ కాలపు చిత్రకారిణుల్లో అంతమంది రూపచిత్రాల వైపు వెళ్ళడానికి డబ్బుతో పాటు ఇదీ కారణం.

జేగురు
కవచం సంగతికి వస్తాను.

1763 నాటికి యుద్ధంలో ఇలాంటి పూర్తి కవచం ఎవరూ వేసుకోవడం లేదు, అది పాలకుడి పటంలో ఆచారంగా మిగిలిన వస్తువు. అందుకని అందులో యుద్ధపు సొట్టలు, గీతలు వెతక్కండి. మెరుగుపెట్టిన ముదురు ఉక్కు. ఆ మాటలో "ముదురు" మీద దృష్టి పెట్టండి. గిన్నెలా కనిపిస్తోందంటే మీ మధ్య రంగు మరీ లేతది, తళుకులు మరీ ఎక్కువ.

ముందు మొత్తం ఛాతీ భాగాన్ని ఒకే ముదురు బూడిదతో కప్పండి. ఐవరీ బ్లాక్ 2, రా అంబర్ 2, తెలుపు 1, ప్రష్యన్ బ్లూ చిటికెడు. అంబర్ ఎందుకంటే అది త్వరగా ఆరుతుంది, నలుపు చాలా నెమ్మది. నలుపు ఒక్కటే అడుగున దట్టంగా పెట్టి పైన త్వరగా ఆరే రంగు వేస్తే పై పొర ముందు బిగుసుకుని చీలుతుంది. ఛాతీ మధ్య నిలువు గట్టు ఉంటుంది కదా, దానికి వెలుగు వైపు పలక ఒక మెట్టు లేత, అవతలి పలక రెండు మెట్లు ముదురు. రెండింటి మధ్య అంచు మాత్రం పదును.

ఇప్పుడు ఎరుపు. లోహానికి సొంత రంగు తక్కువ, చుట్టూ ఏముంటే అదే చూపిస్తుంది. మఖ్మల్ ఆనుకున్న వైపు కవచం అంచున ముదురు ఎరుపు ప్రతిబింబం ఒక పట్టీలా రావాలి, బొచ్చు ఉన్న చోట మసక తెలుపు. బరువు వచ్చేది అక్కడే. ఇది పచ్చి మీదే కలిపేయండి.

తళుకులు చివర్లో, కింది పొర ఆరాక. మొత్తం కవచానికి నాలుగైదు చాలు. అందులో ఒక్కటే దాదాపు తెలుపు, అదీ కిటికీ ఆకారంలో, ఒక వైపు పదునుగా, రెండో వైపు వేలితో చెదిరినట్టు. మిగతావి దానికంటే తప్పకుండా తక్కువ వెలుగులో ఉండాలి. మేకుల తలలకి చుక్క వెలుగు పెట్టే ముందు ఆగండి. అన్నిటికీ పెడితే మళ్ళీ గిన్నే.

కాన్వాస్_కాకినాడ
కవచం అర్థమైంది, తళుకులు ఇరవై దాకా ఉన్నాయి నా దాంట్లో. మఖ్మల్?

జేగురు
పట్టుకి మడత శిఖరం మీద వెలుగు పడుతుంది. మఖ్మల్‌కి అలా పడదు. దాని నూగు నిలబడి ఉంటుంది, ఎదురుగా చూస్తే వెలుగును లోపలికి లాగేసుకుంటుంది. మడత పక్కకి తిరిగే అంచుల్లో మెరుస్తుంది. కాబట్టి మడత నడిమి భాగం ముదురు, అంచుల వెంట సన్నని లేత ఎరుపు గీత. మీరు పట్టు పద్ధతిలో శిఖరం మీద వెలుగు పెట్టి ఉంటారు, అందుకే ఎంత ఎరుపు పోసినా గుడ్డగానే ఉంది.

మొదటి పొర కాడ్మియం రెడ్, బర్న్ట్ అంబర్ సగం సగం, నీడల్లో అంబర్ ఎక్కువ. పూర్తిగా ఆరనివ్వాలి. రెండోది అంచుల వెలుగు, కాడ్మియం రెడ్‌లో కాస్త తెలుపు, కాస్త ఓకర్. పొడి కుంచెతో, రంగు దాదాపు తుడిచేసిన కుంచెతో లాగండి. ఇదీ ఆరాక మూడోది, పిఆర్ 177ని నూనెతో పల్చబరిచి మొత్తం మీద గ్లేజ్, వెంటనే మెత్తటి బట్టతో అంచుల దగ్గర తుడవడం. నీడల్లో రెండోసారి గ్లేజ్ పడితే లోతు వస్తుంది.

వార్నిష్_వాసన
గ్లేజ్ దగ్గర కాకినాడ వాతావరణం గుర్తుంచుకోండి. అవిసె నూనె ఆవిరై ఆరదు, గాలిలోని ఆక్సిజన్ పట్టి గట్టిపడుతుంది. వానాకాలం తేమలో, గాలి ఆడని గదిలో ఇది బాగా నెమ్మదిస్తుంది. ఎండాకాలం వారంలో ముట్టుకోగలిగే పొర ఆగస్టులో రెండు మూడు వారాలు తీసుకోవచ్చు. గోరుతో అంచున నొక్కి చూడండి, గాటు పడితే గ్లేజ్ వేయకండి. ఎండలో పెట్టి తొందరపెడితే పై పొర ముడతలు పడుతుంది.

నూనె క్రమం కూడా తప్పకూడదు. మొదటి పొర రంగుకి టర్పెంటైన్ మాత్రమే. రెండో దానికి స్టాండ్ ఆయిల్ (వేడిచేసి చిక్కబరిచిన అవిసె నూనె) 1, టర్పెంటైన్ 2. గ్లేజ్‌కి 1:1. కింద నూనె ఎక్కువై పైన తక్కువైతే పగుళ్ళు ఖాయం. ముదురు రంగులు ఆరాక అక్కడక్కడా మసకబారి చచ్చినట్టు కనిపిస్తే కంగారుపడి మళ్ళీ రంగు వేయొద్దు. కింది పొర నూనె లాగేసింది, అంతే. ఆ చోట చాలా పల్చగా నూనె రాసి, మిగిలింది బట్టతో పూర్తిగా తుడిచేస్తే అసలు రంగు తిరిగి వస్తుంది. ఆ బట్టల్ని మాత్రం ఉండచుట్టి మూల పడేయకండి, అవిసె నూనె పట్టిన బట్ట తనంతట తనే వేడెక్కి అంటుకుంటుంది. నీళ్ళల్లో ముంచి, విప్పి ఆరేయండి.

కుందేలు చర్మపు జిగురుతో కాన్వాస్‌కి అస్తరు వేద్దామనుకుంటే కోస్తాలో వద్దు. తేమకి సాగుతుంది, బూజు పడుతుంది. యాక్రిలిక్ జెస్సో (తెల్లటి రెడీమేడ్ అస్తరు) మీద బూడిద-గోధుమ రంగు పూత చాలు. ఆ కాలంలో అడుగున ఎర్రమన్ను పొర, పైన సీసపు తెలుపు, నలుపు కలిపిన బూడిద పొర వేయడం మామూలు. నీడలు అంత తేలిగ్గా కుదరడానికి సగం కారణం ఆ బూడిదే. తెల్ల కాన్వాస్ మీద మీరు నీడల్ని కష్టపడి కట్టాలి.

రైన్_ఒడ్డు
పటం మన్‌హైమ్‌లో రైస్-ఎంగెల్‌హోర్న్ మ్యూజియంల సేకరణలో ఉంది. వెళ్ళే ముందు అది ప్రదర్శనలో ఉందో లేదో మెయిల్ చేసి అడగండి, సేకరణలో ఉన్నదల్లా గోడమీద ఉండదు. ఎదురుగా నిలబడి ఒకసారి, తర్వాత గోడకి దగ్గరగా పక్క నుంచి ఒకసారి చూడండి. పక్క వెలుతురులోనే కుంచె గట్లు, పగుళ్ళ అల్లిక, పాత కాన్వాస్ వెనక కొత్త కాన్వాస్ అతికించిన జాడ తెలుస్తాయి.

హైదరాబాద్‌లో ఉన్నవాళ్ళు ఈ పక్కచూపు అలవాటు చేసుకోవాలంటే సాలార్‌జంగ్ మ్యూజియంలో యూరోపియన్ చిత్రాల గ్యాలరీ ఉంది. టెర్బుష్ కోసం కాదు, పాత ఆయిల్ ఉపరితలం ఎలా ఉంటుందో కంటికి పట్టడానికి.

రంగులరాట్నం
ఇంటర్నెట్‌లో ఆయన పటాలు ఒకే మొహంతో రెండు మూడు కనిపిస్తాయి, బట్టలు వేరు. ఏది అసలు, ఏది నకలు అని ఎలా తేలుస్తారు?

వార్నిష్_వాసన
దర్బారు పటం అంటేనే నకళ్ళ వ్యవహారం. పాలకుడు చిత్రకారుల ముందు గంటలకొద్దీ కూర్చోడు. మొహం ఒకసారి నేరుగా చూసి వేసుకుంటారు, బంధువుల కోటలకి, రాయబారులకి కానుకలుగా పంపే పటాలన్నీ ఆ మొహం నుంచే పుడతాయి. బట్టలు, కవచం స్టూడియోలో ఎవరైనా పూర్తి చేయొచ్చు.

ఎక్స్‌రేలో సీసపు తెలుపు స్పష్టంగా కనిపిస్తుంది. నేరుగా చూసి వేసిన మొహంలో దవడ గీత జరిపినట్టు, కన్ను కొద్దిగా మార్చినట్టు జాడలుంటాయి. నకలులో అలాంటి తడుములాట ఉండదు, గీత మొదటిసారే సరైన చోట పడుతుంది, ఎందుకంటే అది ట్రేస్ చేసింది. ఇక తర్వాతి శతాబ్దపు నకలును రంగులే పట్టిస్తాయి. కోబాల్ట్ బ్లూ, క్రోమ్ ఎల్లో, కృత్రిమ అల్ట్రామెరైన్, కాడ్మియం ఎల్లో 19వ శతాబ్దపువి, కాడ్మియం రెడ్, టైటానియం వైట్ 20వ శతాబ్దపువి. వీటిలో ఏదైనా అసలు పొరలో దొరికితే అది 1763 నాటిది కాదు. తర్వాతి మరమ్మతులో దొరికితే మాత్రం లెక్కలోకి రాదు, అందుకే అతినీలలోహిత కాంతిలో ముందు మరమ్మతులు ఎక్కడెక్కడున్నాయో గుర్తిస్తారు. పాత వార్నిష్ పచ్చగా వెలుగుతుంది, దాని మీద చేసిన మరమ్మతులు నల్లటి మచ్చలుగా తేలతాయి. ప్రష్యన్ బ్లూ దొరికితే అభ్యంతరం లేదు, అది 1700ల మొదట్లో బెర్లిన్‌లోనే పుట్టింది.

పాతపటాలు
సంతకం విషయం చేరుస్తాను, ఈ కుటుంబంతో అది పెద్ద చిక్కు. అక్క ఆన్నా రోసీనా మొదట మాత్యూ గారి భార్య, తర్వాత ద గాస్క్ గారి భార్య, కాబట్టి ఒకే చేతి పటాలు లిసియెవ్‌స్కా, మాత్యూ, ద గాస్క్ అని మూడు పేర్ల కింద జాబితాల్లో చెదిరి ఉన్నాయి. ఆవిడా దర్బారు చిత్రకారిణే, త్సెర్‌బ్స్ట్, తర్వాత బ్రౌన్‌ష్వైగ్. ఆవిడ సవతి కొడుకు గేయోర్గ్ డావిడ్ మాత్యూ లూడ్విగ్స్‌లుస్ట్ దర్బారులో వేశాడు, అతని తర్వాత ఆ పదవి తమ్ముడు లిసియెవ్‌స్కీకి వెళ్ళింది. 1770లలో బెర్లిన్‌లో తమ్ముడూ టెర్బుష్ ఒకే స్టూడియోలో పనిచేశారు, కాబట్టి అప్పటి పటాల్లో ఎవరి చేయి ఎక్కడిదో తేల్చడం కష్టం. 1763 పటానికి ఆ ఇబ్బంది లేదు.

ఇంకోటి, పారిస్ సభ్యత్వం తర్వాత ఆమె కొన్ని సంతకాల్లో తనను ఫ్రాన్స్ రాజు చిత్రకారిణి అని రాసుకుంది. ఆ మాట ఉన్న పటం 1767కి ముందుది కాలేదు. బెర్లిన్‌లో 2021–22లో ఆమె పుట్టిన మూడు వందల ఏళ్ళకి జరిగిన ప్రదర్శన తర్వాత ఇలాంటి వివరాలు వెతకడం తేలికైంది.

నిర్వాహకులు
వేలంలో ఉన్న పటాల ధరల గురించి అడిగిన రెండు పోస్టులు వేరే విభాగానికి మార్చాం. ఇక్కడ పటం, పద్ధతి వరకే.

కాన్వాస్_కాకినాడ
మఖ్మల్ రెండో పొర దాకా వచ్చాను, అంచుల వెలుగు పెట్టగానే తేడా తెలిసింది. బొచ్చు, పొడి చల్లిన జుట్టు మిగిలాయి. రెండూ తెలుపే కదా, ఒకదాన్నుంచి ఒకటి ఎలా విడదీయాలి?

జేగురు
రెండిటిలో ఏదీ తెలుపు కాదు. బొచ్చుకి అడుగున వెచ్చని బూడిద, తెలుపులో రా అంబర్, కొంచెం ఓకర్. ఆరకముందే లేత రంగుతో బొచ్చు వాలే దిక్కున చిన్న చిన్న గీతలు, గుంపులుగా. ఒక్కో వెంట్రుకా గీయొద్దు. తెల్ల బొచ్చులో అక్కడక్కడా కనిపించే నల్ల తోకలు చివర్లో. ఒక్కోటి మూడు దెబ్బలు, మొదలు సన్నం, నడుమ లావు, కొస చీలిక. వరసలో పెట్టకుండా, మడతతో పాటు వంగి కొన్ని సగమే కనిపించేలా. తోక కింద చిన్న నీడ తప్పనిసరి, లేకపోతే ప్రింటు వేసినట్టుంటుంది.

జుట్టు అంతకంటే చల్లన, అంతకంటే ముదురు. తెలుపు, నలుపుతో బూడిద చేసి, నీడలో అంబర్. నుదుటి దగ్గర జుట్టు, చర్మం కలిసే గీతని పచ్చిగా ఉన్నప్పుడే పొడి కుంచెతో అటూ ఇటూ రుద్ది చెరిపేయండి. ఆ అంచు పదునుగా ఉంటే టోపీ పెట్టినట్టుంటుంది. చెవుల మీది చుట్టల్లో ఒక్కోదానికి ఒక్క వెలుగు. వెనక జడకుచ్చు నల్ల రిబ్బను నేపథ్యంలో సగం కలిసిపోనివ్వండి.

పటంలో అన్నిటికంటే వెలుగు నుదుటి మీదో కవచం తళుకు మీదో ఉండాలి. కళ్ళు సగం మూసుకుని చూడండి, ముందు బొచ్చే కనిపిస్తే దాన్ని ఒక మెట్టు తగ్గించండి.

వార్నిష్_వాసన
వార్నిష్ ఆరు నెలల తర్వాతే, మఖ్మల్ మీద రెండు గ్లేజులు పడితే ఇంకో రెండు మూడు నెలలు కలుపుకోండి. ఈలోపు గోడవైపు తిప్పి చీకట్లో ఉంచకండి, అవిసె నూనె చీకట్లో పసుపెక్కుతుంది. ఎండ తగలని వెలుతురున్న గది చాలు.